శ్రీకూర్మం దారిలో ఒక పాత ఇంజను

2025లో బక్రీద్ జూన్ 7న వచ్చింది. పండుగ ముగిసింది, ఖుర్బానీ పనులు తెమిలాయి, మదరసా పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోయారు. తిరిగి పాఠాలు మొదలయ్యేలోగా నాలుగు రోజుల వ్యవధి చిక్కింది. ఎన్నో ఏళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చిన ఒక ప్రయాణానికి అప్పుడు బయలుదేరాను.

శ్రీకూర్మం దగ్గర నా పూర్వ విద్యార్థి ఒకడు పడవ ఇంజన్లు బాగుచేసే పాక నడుపుతున్నాడు. ప్రతి పండుగకూ ఫోను చేసి "హజ్రత్, ఒక్కసారి వచ్చి వెళ్ళండి" అంటాడు. ప్రతిసారీ నేను "ఇన్షా అల్లాహ్" అంటాను. రాను అని చెప్పడానికి మనవాళ్ళు ఈ పవిత్రమైన మాటను ఒక మర్యాదైన ముసుగుగా వాడుతున్నారని తరగతిలో పిల్లలను మందలించేవాణ్ణి నేనే. ఏళ్ళ తరబడి నేను చేసినదీ అదే.

విజయనగరంలో ఉదయం రైలెక్కి, చీపురుపల్లి, పొందూరు దాటి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగాను. పేరు శ్రీకాకుళానిదే గాని స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి మళ్ళీ బస్సు పట్టుకోవాలి. పట్టణంలో నాగావళి ఒడ్డు మీద కాసేపు నిలబడి, జామియా మస్జిదుకు వెళ్ళి రెండు రకాతులు చదువుకున్నాను. 1641లో గోల్కొండ సుల్తానుల తరఫున ఈ ప్రాంతాన్ని పాలించిన షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన మస్జిదు ఇది. చికాకోల్ అనే పేరుతో, సన్నని మస్లిన్ బట్టలతో ఈ ఊరు దూరదేశాలకు తెలిసిన కాలం ఒకటుండేది. లోపల చల్లగా ఉంది. ఒక ముసలాయన స్తంభానికి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. ఆయనకు నిద్రాభంగం కాకుండా బయటికి వచ్చి ఆటో ఎక్కాను.

శ్రీకూర్మం అక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపే. కూర్మనాథస్వామి ఆలయం వల్ల ఆ ఊరి పేరు దేశమంతటా తెలుసు. ఆలయ స్తంభాల మీద శతాబ్దాలుగా చెక్కిన శాసనాలున్నాయనీ, కళింగ గంగరాజుల చరిత్ర రాసేవారికి అవి పెద్ద ఆధారమనీ చదివాను. తాబేళ్ళను అక్కడ ఎంతో ఆదరంగా పెంచుతారు. ఆటోలో నా పక్కన కూర్చున్న వృద్ధురాలు ఒళ్ళో ఆకుకూర మూట పెట్టుకుని ఉంది. అది తాబేళ్ళకేనని, మనవడి పరీక్ష పాసైతే తెస్తానని మొక్కుకున్నానని చెప్పింది. "పాసయ్యాడా అమ్మా?" అని అడిగాను. "అత్తెసరుగా" అని నవ్వింది. ఆమె ఆలయం వద్ద దిగిపోయింది. నేను ఊరు దాటి సముద్రం వైపు పోయే దారిలో, సరుగుడు తోట మొదలయ్యే చోట దిగాను.

తాటాకుల పాక, దాని మీద ఒక పాత ఫ్లెక్సీ గుడ్డ. లోపల కర్ర బల్లలకు బిగించిన నాలుగైదు ఇంజన్లు వరుసగా ఉన్నాయి. ఒక మూల నీళ్ళు నింపిన పెద్ద డ్రమ్ము ఉంది. పెట్రోలు, ఉప్పుగాలి, ఎండుచేప కలిసిన వాసన. నా విద్యార్థి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చి సలాము చేశాడు. నేను చేయి చాపితే "మసి, హజ్రత్" అని మణికట్టు అందించాడు. గడ్డంలో అక్కడక్కడా నెరుపు కనిపించింది. నేను పాఠం చెప్పిన పిల్లవాడికి తెల్లవెంట్రుకలు రావడమేమిటని ఒక క్షణం వింతగా తోచింది.

నేను వెళ్ళినది జూన్ 11న. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట నిషేధిస్తారు. పదిహేనో తేదీ తెల్లవారకముందే పడవలన్నీ సముద్రంలోకి దిగుతాయి. అందుచేత ఆ చివరి వారం అతనికి ఊపిరి సలపదు. రెండు నెలలు ఇంటి వెనుక గోనెపట్టా కప్పుకుని పడుకున్న ఇంజన్లన్నీ ఒక్కసారిగా వైద్యానికి వస్తాయి.

నేను వెళ్ళిన కాసేపటికి ఒక ఆటోలో ఇంజను వేసుకుని అరవై ఏళ్ళకు దగ్గర పడిన మత్స్యకారుడొకాయన వచ్చాడు. వెనుక బైకు మీద ఆయన కొడుకు, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ వాడు. తండ్రి ఇంజనును దింపుతుంటే కొడుకు ఎడమచేత్తోనే సాయం పట్టాడు. కుడిచేయి భుజం దాటి పైకి లేవడం లేదని నేను గమనించాను.

"ఏటి మావా, మళ్ళీ అదేనా?" అన్నాడు నా విద్యార్థి.

"అదే అల్లుడా. ఒడ్డున సుబ్బరంగా తిరుగుతాది. కెరటాలకాడ రైజింగు ఇత్తే సచ్చిపోతంది."

ఈ ఒక్క వాక్యంలో ఎంత ప్రమాదం ఉందో సముద్రానికి దూరంగా ఉండే పాఠకులకు వివరించాలి. ఈ ఊళ్ళకు పడవ నిలిపే రేవంటూ లేదు. పడవను ఇసుక మీది నుంచి నెట్టి నేరుగా కెరటాలలోకి దించాలి. ఒడ్డుకు కొంత దూరంలో, ఇసుకతిప్ప మీద కెరటం లేచి విరిగే చోటొకటి ఉంటుంది. అది దాటితే సముద్రం శాంతంగా ఉంటుంది. అది దాటే కొద్ది క్షణాలే ప్రాణసంకటం. పడవ ముక్కు కెరటానికి ఎదురుగా నిలవాలి, ఇంజను తన శక్తినంతా ఇవ్వాలి. ఆ క్షణంలో ఇంజను ఆగితే పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవను వెనుక వచ్చే కెరటం బోర్లా వేస్తుంది. ఇంజన్లు లేని కాలంలో ఈ కోరమాండల్ తీరమంతటా మసూలా పడవలుండేవి. వాటి పలకలను మేకులు కొట్టకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు పలకలు వంగి, మళ్ళీ సర్దుకునేవి. పెద్ద ఓడలు దూరాన లంగరు వేస్తే, మనుషులనూ సరుకునూ ఆ కుట్టు పడవలే ఒడ్డుకు చేర్చేవి. ఇప్పటి ఫైబరు పడవకు ఆ గుణం లేదు. దాని ధైర్యమంతా వెనుక బిగించిన ఇంజనులోనే ఉంది.

ఆ ధైర్యం సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒకనాడు తెల్లవారుజామున చెడింది. కెరటాల దగ్గర ఇంజను ఆగి, పడవ తిరగబడింది. వల పోయింది, కొడుకు భుజం కీలు తప్పింది. ప్రాణాలు దక్కాయి. అప్పటి నుంచి తండ్రీ కొడుకుల మధ్య మాటలు తగ్గాయి. పాత ఇంజనును పట్టుకుని వేలాడుతున్నాడని కొడుకు, కీలక సమయంలో వీడే సరిగా నడపలేదని తండ్రి. ఆగస్టులో వేరావలు పోతానని కొడుకు తేల్చి చెప్పాడట. గుజరాత్ బోట్ల మీద కూలికి పోవడం ఈ తీరంలో కొత్త కాదు. 2018 నవంబరులో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ గస్తీ దళం పట్టుకుపోయింది. వారిలో 20 మంది కరాచీ జైలులో ఏడాదికి పైగా మగ్గి 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద అడుగు పెట్టారు. ఆ వార్త దేశానికి పాతబడింది గాని ఈ ఊళ్ళలోని తల్లులకు పాతబడలేదు. కనుక ఆ రోజు బల్ల మీద ఎక్కినది ఒక ఇంజను మాత్రమే కాదని నాకు అర్థమైంది.

వాళ్ళు అప్పటికే పట్నంలో రెండు చోట్ల చూపించారు. ఒకచోట ప్లగ్గులు, కాయిలు మార్చారు. మరొకచోట ఏకంగా కార్బొరేటరే మార్చారు. రెండు చోట్లా డ్రమ్ములో పెట్టి తిప్పి చూపితే సింహంలా గర్జించింది. ఇంటికి తెచ్చి సముద్రంలో దించితే మళ్ళీ అదే కథ.

నా విద్యార్థి పానా చేత పట్టలేదు. ఒక స్టూలు లాక్కుని కూర్చుని అడగడం మొదలుపెట్టాడు.

"రైజింగు ఇచ్చిన వెంటనే ఆగుతోందా, కొంత సేపు లాగి ఆగుతోందా?"

"ఎంటనే" అన్నాడు తండ్రి.

"ఎంటనే కాదు" అన్నాడు కొడుకు, ఫోను మీది నుంచి తల ఎత్తకుండా. "ముప్పై నలభై లెక్కెట్టొచ్చు."

తండ్రి ముఖం ఎర్రబడింది. నా విద్యార్థి మాత్రం స్టూలును కొడుకు వైపు తిప్పుకున్నాడు. "ఆగేముందు టక్కుమని దీపం ఆర్పినట్టు ఆగుతుందా? దగ్గి దగ్గి ఆగుతుందా?"

"దగ్గుద్ది. ఒకసారి పైకి లేచి, నీరసపడి ఆగిపోద్ది."

"ఎల్లినప్పుడా, వొచ్చినప్పుడా?"

కొడుకు ఫోను జేబులో పెట్టాడు. "ఎల్లినప్పుడే. వొచ్చినప్పుడు ఎప్పుడూ ఆగనేదు. అందుకే కదా మా అమ్మ దిష్టి అంటది. ఇంజనుకు నిమ్మకాయలు కట్టించింది."

మన ఇళ్ళలో బండి తాళానికి తావీజు కట్టేవాళ్ళు ఎందరో ఉన్నారు కనుక ఇక్కడ నవ్వే హక్కు మనకు లేదు. కారణం కనబడని చోట మనిషి దారం ముక్కకైనా వేలాడతాడు.

నా విద్యార్థి ఆ తరువాత నాకు వివరించిన సంగతిని మన పాఠకుల ఇళ్ళలోని ఒక ఉదాహరణతో చెబుతాను. మిద్దె మీది నీళ్ళ ట్యాంకు నుంచి దిగే గొట్టంలో నాచు పట్టిందనుకోండి. ఒక్క కుళాయి సన్నగా విప్పితే నీళ్ళు వస్తూనే ఉంటాయి, లోపమేమీ కనబడదు. ఇంట్లోని కుళాయిలన్నీ ఒకేసారి విప్పితే గొట్టంలో నిలిచిన నీళ్ళు కాసేపు వచ్చి, ఆ తరువాత ధార తెగిపోతుంది. ఇంజనులోనూ అంతే. కార్బొరేటరులో చిన్న గిన్నెలాంటి భాగంలో కొంత పెట్రోలు నిలువ ఉంటుంది. ఇంజను నిలకడగా తిరిగేటప్పుడు గుక్కెడు గుక్కెడుగా తాగుతుంది. గట్టిగా రైజింగు ఇస్తే గటగటా తాగుతుంది. గిన్నెలోకి వచ్చేదాని కన్నా పోయేది ఎక్కువైతే అర నిమిషంలో గిన్నె అడుగంటుతుంది. నిప్పురవ్వ తప్పితే ఇంజను టక్కుమని ఆగుతుంది. తిండి చాలకపోతే దగ్గుతుంది. రైజింగు ఇచ్చిన క్షణానే ఆగితే కార్బొరేటరును అనుమానించాలి. లెక్కపెట్టుకునేంత సేపు లాగి ఆగితే, దాని వెనుక ఉన్న దారిని అనుమానించాలి. "తండ్రి చెప్పింది విని ఉంటే నేనూ కార్బొరేటరే విప్పేవాణ్ణి, హజ్రత్" అన్నాడు.

ఇంజనును డ్రమ్ముకు బిగించి, తన ట్యాంకు తగిలించి తిప్పాడు. కొడుకు ఎడమచేత్తో తాడు లాగాడు. ఇంజను అందుకుంది. గేరు వేసి పూర్తి రైజింగు ఇచ్చారు. నీళ్ళు మా బట్టల మీదికి చిమ్మాయి. అయిదు నిమిషాలు గడిచినా ఇంజను తొణకలేదు.

"పట్నంలోనూ ఇలాగే తిరిగింది" అన్నాడు కొడుకు వెటకారంగా.

నా విద్యార్థి ఇంజను ఆపి అడిగాడు: "మావా, నీ ట్యాంకూ పైపూ ఏవీ?"

"ఇంటికాడున్నాయి. రోగం ఇంజనుది కదా, ట్యాంకెందుకు?"

"పట్నానికి తీసుకెళ్ళావా?"

"నేదు."

కొడుకు అప్పటికే బైకు తిప్పాడు.

అతను వచ్చేలోగా అరగంట పట్టింది. జుహ్ర్ నమాజు చదువుకుని, నేను ఆ పెద్దాయనతో మాటలు కలిపాను. పడవలో ఎవరు ఏ పని చేస్తారో చెబుతూ ఆయన వాడిన మాటలు నా చెవికి చిత్రంగా తోచాయి. చుక్కాని అన్నాడు. అది అరబీలోని సుక్కాన్. లంగరు, సరంగు అన్నాడు. రెండూ ఫార్సీ నుంచి వచ్చినవి. కలాసీ మన ఖలాసీయే. తుఫాను తూఫానే. 2018 అక్టోబరులో తిత్లీ ఈ జిల్లా కొబ్బరి తోటలను నేలమట్టం చేసినప్పుడు ప్రతి నోటా ఆ అరబీ మాటే పలికింది. నేను మదరసాలో నిఘంటువులు తిరగేసి నేర్చుకున్న శబ్దాలను ఈ మనిషి తాతముత్తాతల నుంచి ఉప్పునీళ్ళలో నానబెట్టి దాచుకున్నాడు. ఉండబట్టలేక ఆ సంగతి ఆయనకు చెప్పాను.

ఆయన సేపు ఆలోచించి, "మా తాతలనాటి మాటలు బాబూ అవి. మీవెలాగవుతాయి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఉన్నా చెప్పవలసిన అవసరం కనబడలేదు.

ట్యాంకు వచ్చింది. పాత రేకు ట్యాంకు, నిండుగా ఉంది. దానికొక నల్లటి రబ్బరు పైపు, నడుమ చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి. నా విద్యార్థి ముందు అడుగున తేరిన నీటిని కొంత వంచి తీశాడు. తరువాత పైపు తగిలించి ఇంజను తిప్పించాడు. గేరు వేసి, పూర్తి రైజింగు ఇచ్చి బిగ్గరగా లెక్కపెట్టసాగాడు. ముప్పై దాటింది. ముప్పై ఆరు దగ్గర ఇంజను ఒకసారి గొంతు ఎత్తి దగ్గింది. అతను వంగి బుడ్డిని చూపించాడు. రసం పిండేసిన నిమ్మచెక్కలా అది లోపలికి అంటుకుపోయి ఉంది. మరుక్షణమే ట్యాంకు మూత సడలించాడు. బుస్సుమని గాలి లోపలికి పోయిన శబ్దం ఇంజను హోరులోనూ నాకు వినిపించింది. బుడ్డి నెమ్మదిగా పొంగింది. ఆగబోయిన ఇంజను మళ్ళీ అందుకుంది.

ట్యాంకులోంచి పెట్రోలు ఎంత బయటికి పోతే అంత గాలి లోపలికి రావాలి. అందుకోసం మూతలో చిన్న రంధ్రం, దాని మీద తిప్పే మరొకటి ఉంటాయి. గాలి రాకపోతే ట్యాంకు తన పెట్రోలును తానే పట్టి ఉంచుకుంటుంది, పంపు ఎంత పీల్చినా వదలదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పైన గాలి జాగా చాలా తక్కువ, కనుక ఈ బిగపట్టడం తొందరగా వస్తుంది. సగం ఖాళీ అయిన ట్యాంకులో గాలి జాగా ఎక్కువ, కనుక చాలాసేపటి దాకా తెలియదు. పడవ ఒడ్డు వదిలేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా ఉంటుంది. వెళ్ళేటప్పుడే ఆగి వచ్చేటప్పుడు ఆగకపోవడంలోని దిష్టి ఇదే.

నా విద్యార్థి మూత విప్పి వెలుతురులో తిప్పి చూశాడు. గాలి రంధ్రం కనబడలేదు. గుడ్డముక్క దోపి, పైన లప్పం పెట్టి ఎవరో శుభ్రంగా మూసేశారు.

ఎవరని అడగవలసిన పని లేకపోయింది. పెద్దాయన మూత వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

"నానే" అన్నాడు చివరికి. "దీపావళికి ముందు సముద్రం నీరు ట్యాంకులోకి ఎల్లిపోయి ఇంజను ఆగిపోనాది. మరి నీరెళ్ళకుండా నానే మూసీసినాను."

నా విద్యార్థి ఏమీ అనలేదు. ఆ క్షణంలో అక్కడ ఉండకపోతే బాగుండునని నాకనిపించింది. కొడుకు కుడిచేయి వైపు చూడకుండా ఉండడానికి నేనూ ప్రయత్నించాను, తండ్రీ ప్రయత్నించాడు. ఇద్దరమూ చూశాము. అయిదు నెలలుగా ఆ యువకుడు మోస్తున్న నిందకు జవాబు అరచేతిలో పట్టేంత రేకు మూతగా బయటపడింది. వాడు ఇప్పుడు ఏమైనా అనవచ్చు. అనడానికి హక్కు కూడా ఉంది.

వాడు మూత అందుకుని, జేబులోంచి చిన్న చాకు తీసి, రంధ్రంలోని లప్పాన్ని గీకసాగాడు. కాసేపటికి తల ఎత్తకుండానే అన్నాడు: "నీరెల్లిపోతంటే నానైనా అలాగే మూసీసుందును."

అంతే. తండ్రి పాక బయటికి వెళ్ళి చాలాసేపు బీడీ కాల్చుకుంటూ నిలబడ్డాడు.

కథ ఇక్కడ ముగిస్తే చదవడానికి బాగుంటుంది గాని ఇంజను అలా ముగించనివ్వలేదు. రంధ్రం తెరిచిన మూత పెట్టి మళ్ళీ తిప్పితే రెండు నిమిషాలు బాగా తిరిగి, మళ్ళీ దగ్గింది. కొడుకు నిట్టూర్చాడు. నా విద్యార్థికి మాత్రం ఉత్సాహం వచ్చినట్టు కనిపించింది. ఈసారి బుడ్డి అంటుకుపోలేదు, నిండుగానే ఉంది. అంటే ట్యాంకు నుంచి బుడ్డి దాకా దారి బాగుంది, అడ్డు బుడ్డికీ ఇంజనుకూ మధ్య ఉంది. బుడ్డిని గట్టిగా నొక్కి పట్టాడు. ఇంజను కోలుకుంది. వదిలితే దగ్గింది. నొక్కితే తోసుకుపోతోంది, పీలిస్తే రావడం లేదు. "పైపు పేగు ఊడింది" అని ఆ ముక్కను కోసి నిలువునా చీల్చి చూపించాడు. బయటి రబ్బరు చెక్కుచెదరలేదు. లోపలి పొర మాత్రం మెత్తబడి, ఊడి, నాలుకలా వేలాడుతోంది. వెనుక నుంచి తోస్తే ఆ నాలుక గోడకు అతుక్కుంటుంది, ముందు నుంచి పీలిస్తే లేచి దారికి అడ్డం పడుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, ఆ కాలం నాటి రబ్బరుకు అది సరిపడదు, పైగా అది గాలిలోని చెమ్మనూ పీలుస్తుంది అని చెప్పాడు. పైపు కొనేటప్పుడు ఇథనాలుకు తట్టుకునేదేనా అని అడిగి కొనమన్నాడు.

పీల్చే గొట్టం సంగతి విన్నప్పుడు నాకు అల్ జజరీ జ్ఞాపకం వచ్చాడు. దియార్ బకర్ కొలువులో ఉండి 1206లో యంత్రాల మీద గ్రంథం పూర్తిచేసిన ఆ మహనీయుడు అందులో నీటిని పీల్చి పైకి తోసే జంట పంపు ఒకటి వివరించాడు. మన మదరసాలలో ఆయన పేరును గర్వంగా తలుస్తాం. అయితే పంపు ఎందుకు పీలుస్తుందో, ఎప్పుడు పీల్చదో నాకు మొదటిసారి తెలిసింది ఈ తాటాకు పాకలో.

కొత్త పైపు, రెండు క్లిప్పులు వేసి ఈసారి పావుగంట తిప్పారు. దగ్గలేదు. పైపు ధర, తన కూలి చెప్పి అంతే తీసుకున్నాడు. తగ్గించలేదు, పెంచలేదు. నీరు రాకుండా మూత మీద కప్పు ఎలా పెట్టాలో, రేవు వదిలేముందు గాలి మరను ఎలా సడలించాలో, ఇంజను ఆపాక ఎలా బిగించాలో రెండుసార్లు చెప్పాడు. "అయితే ఆ కార్బొరేటర్ డబ్బులు దండగేనా?" అని పెద్దాయన అడిగితే, "పాతది కూడా అరిగిపోయింది మావా, ఎప్పటికైనా మార్చాల్సిందే" అన్నాడు. అది ఎంతవరకు నిజమో, ఎంతవరకు పరుల నింద నుంచి నాలుకను కాపాడుకోవడమో నేను అడగలేదు.

సాయంత్రం ఇద్దరం సముద్రం ఒడ్డుకు నడిచాం. ఆ రోజు పున్నమి. కెరటాలు పెద్దవిగా ఉన్నాయి. రంగు వేసిన పడవలు ఇసుక మీద వరుసగా, ముక్కులు నీళ్ళ వైపు పెట్టుకుని ఎదురుచూస్తున్నాయి. కెరటాలు విరిగే ఆ తెల్లటి గీతను నా విద్యార్థి చూపించాడు. సూరా యూనుసులో అనుకూలమైన గాలితో సాగుతున్న ఓడ మీదికి తుఫాను విరుచుకుపడే ఘట్టాన్ని ఎన్ని సంవత్సరాలుగా బోధిస్తున్నానో, కాని అంతవరకు నా బోధన నల్లబల్ల మీది సముద్రమేనని అక్కడ నిలబడితే తెలిసింది.

మధ్యాహ్నం డ్రమ్ములో ఇంజను చక్కగా తిరుగుతుంటే నా మనసులో మెదిలిన ఒక సంగతి చెప్పాలి. ఈ కుర్రవాడు మా వద్ద హిఫ్జ్ చేసేవాడు. ఒంటరిగా గోడకు ఆనుకుని చదివితే ఒక్క తప్పు ఉండేది కాదు. జల్సాలో నలుగురి ముందు నిలబెడితే నాలుగో వాక్యం దగ్గర గొంతు ఆగిపోయేది. నేను అది సోమరితనమనుకున్నాను. గట్టిగా చెప్పాను, ఇంకా గట్టిగా చెప్పాను. చివరికి ఒకనాడు వాళ్ళ నాన్నను పిలిచి వీడికి చదువు అబ్బదన్నాను. ఎప్పుడు ఆగుతోంది, ఎలా ఆగుతోంది అని ఒక్కసారైనా స్టూలు లాక్కుని కూర్చుని అడగలేదు.

ఒడ్డున ఆ మాట ఎత్తాను. "ఆ రోజు మీ నాన్నగారితో నేను..."

"తెలుసు హజ్రత్. నాన్న చెప్పారు" అన్నాడు. కాసేపాగి, "మరుసటి వారమే మామూ షాపులో చేర్చారు" అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు. ఫలానా రోజు వాన పడింది అన్నట్టు అన్నాడు.

మగ్రిబ్ వేళకు సరుగుడు తోట అంచున చాప పరిచాడు. పాకలో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు మాతో నిలబడ్డారు. ఇమామత్ చేయమని అతన్ని ముందుకు పిలిచాను. "వద్దు హజ్రత్, నా వల్ల కాదు. మీరుండగా" అన్నాడు. నేను ఇంకోసారి అనబోయి ఆగిపోయాను. నేనే ముందు నిలబడ్డాను.

జూన్ 15 మధ్యాహ్నం ఫోను చేశాడు. తెల్లవారుజామున మూడు గంటలకే పడవలు దిగాయట. ఆ పెద్దాయన పడవ కెరటాలు దాటేదాకా తానూ ఒడ్డున నిలబడి చెవి పెట్టి విన్నాడట. ఇంజను దగ్గలేదు. తాడు లాగింది కొడుకే, ఎడమచేత్తో. చేపలు మాత్రం పెద్దగా పడలేదు, పెట్రోలు ఖర్చుకు సరిపోయాయి. ఆగస్టులో వేరావలు ప్రయాణం ఉందా లేదా అని అడిగితే, "వాళ్ళింట్లో ఇంకా ఆ మాట రాలేదు హజ్రత్, నేనూ అడగలేదు" అన్నాడు.

సెలవుల తరువాత ఒక రోజు మా మదరసాకు వచ్చి, చెడిన దాన్ని చూసి ముందు ఏమి అడగాలో మా పిల్లలకు చెప్పమన్నాను. నలుగురి ముందు నిలబడనక్కరలేదు, నేల మీద ఒక ఇంజను పెట్టుకుని కూర్చుంటే చాలన్నాను.

"ఇన్షా అల్లాహ్, హజ్రత్" అన్నాడు.

అది ఏ రకం ఇన్షా అల్లాహ్ అన్నది నాకు ఇంకా తెలియదు.